అరగంట రైలు... వెయ్యేళ్లు వెనక్కి!

మాడ్రిడ్ చుట్టూ గంట, గంటన్నర ప్రయాణంలో అరడజను చారిత్రక పట్టణాలున్నాయి. పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగొచ్చేయొచ్చు. కానీ ఏ ఊరికి ఏ రోజు వెళ్లాలి, ఎన్నింటికి బయల్దేరాలి, ముఖ్యంగా ఎన్నింటికి తిరిగి రాకూడదు... ఇవి తెలిస్తేనే ఆ ప్రయాణానికి ఫలం.

ఉదయం ఎనిమిదిన్నరకి మాడ్రిడ్‌లో బస్సెక్కిస్తారు. పదింటికి టొలేడోలో దింపుతారు. గొడుగు ఎత్తి పట్టుకుని గైడు ముందు, పాతికమంది వెనక. కెథెడ్రల్ ముందు ఒక ఫొటో, కత్తుల దుకాణంలో అరగంట, ఇంకో సందులో ఇంకో ఫొటో. మధ్యాహ్నానికి మళ్లీ బస్సు. సాయంత్రానికి సెగోవియా. అక్కడ రోమన్ల కట్టడం కింద మరో ఫొటో. రాత్రి తొమ్మిదింటికి హోటల్ గదిలో కాళ్లు నొక్కుకుంటూ ఫొటోలు తిరగేస్తే ఏ చర్చి ఏ ఊళ్లోదో గుర్తురాదు!

‘ఒక్కరోజులో రెండు నగరాలు’ అంటూ ఊరించే ప్యాకేజీలతో వచ్చే తంటా ఇదే. టొలేడో మాడ్రిడ్‌కి దక్షిణాన ఉంటే సెగోవియా ఉత్తరాన కొండల అవతల ఉంది. ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లాలంటే మళ్లీ మాడ్రిడ్ మీదుగానే. అంటే రోజులో సగం బస్సు కిటికీకే అర్పణం. ఖర్చు తగ్గుతుంది నిజమే. దాంతోపాటు ఊరూ తగ్గిపోతుంది.

అలా కాకుండా ఒక రోజుకి ఒక ఊరు అనుకుంటే? అప్పుడు ఆ ఊళ్లు కేవలం పాత భవనాల్లా కాక ఒకే కథలోని అధ్యాయాల్లా కనిపిస్తాయి. ఆ కథ 1561లో మొదలవుతుంది.

రాజధాని మారింది!
స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఆ ఏడాది తన కొలువుని టొలేడో నుంచి మాడ్రిడ్‌కి మార్చేశాడు. అప్పటికి మాడ్రిడ్ ఓ మోస్తరు పట్టణం మాత్రమే. రాజుగారితోపాటే ప్రభువులు, వాళ్ల వెనక వ్యాపారులు, వాళ్ల వెనక పనివాళ్లు తరలిపోయారు. మధ్యలో 1601 నుంచి 1606 దాకా వయ్యదోలిద్‌లో కొలువు తీరినా మళ్లీ మాడ్రిడ్‌కే వచ్చింది. అప్పట్నుంచీ మాడ్రిడ్ పెరుగుతూ, పాతది కూలుస్తూ, కొత్తది కడుతూ పోయింది. రాజధాని తరలిపోతే ఊళ్ల తలరాతలు ఎలా మారతాయో తెలుగు పాఠకులకి కొత్తగా చెప్పనక్కర్లేదు.

అయితే ఇందులో ఓ తమాషా ఉంది. రాజధాని వచ్చిన ఊళ్లో పాతదనం చాలావరకు చెరిగిపోయింది. పోయిన ఊళ్లో అది నిలిచిపోయింది. కొత్తగా కట్టుకునే డబ్బు లేక, కూల్చే అవసరమూ రాక టొలేడో సందులు మధ్యయుగాల్లో ఎలా మెలికలు తిరిగేవో ఇప్పటికీ అలాగే తిరుగుతున్నాయి. ఉన్ని వ్యాపారం దెబ్బతిన్న సెగోవియా కథా ఇంచుమించు ఇదే. అందుకే స్పెయిన్ చరిత్ర చూడాలనుకునేవారికి మాడ్రిడ్ మకాం మాత్రమే. చరిత్ర రైలు దూరంలో ఉంది.

టొలేడో: మూడు మతాల ఊరు
మాడ్రిడ్ అటోచా స్టేషన్ నుంచి వేగంగా వెళ్లే ‘అవాంత్’ రైలెక్కితే అరగంట దాటి నాలుగైదు నిమిషాలకల్లా టొలేడో. దూరం 70 కిలోమీటర్లు. ఇక్కడ స్టేషనే ఓ కట్టడం. రంగుటద్దాలు, చెక్కపనితనం, రంగు పలకలతో ముచ్చటగొలిపే ఆ భవనాన్ని చూడకుండా బయటికి పరుగెత్తేవాళ్లే ఎక్కువ. అక్కడి నుంచి అల్కాంతరా వంతెన మీదుగా నడిస్తే ఇరవై నిమిషాల్లో పాతబస్తీ. కొండెక్కలేనివారికి ఎస్కలేటర్లూ ఉన్నాయి.

తాహో నది మూడువైపులా చుట్టుకున్న కొండమీద ఊరు. ఒకప్పుడు విసిగోత్ రాజుల రాజధాని. ఎనిమిదో శతాబ్దం మొదట్లో ముస్లింల చేతికొచ్చింది. 1085లో ఆరో అల్ఫోన్సో గెలిచి మళ్లీ క్రైస్తవుల వశం చేశాడు. ఊరి ప్రధాన కూడలి సొకొదోవెర్ పేరే అరబిక్. పశువుల సంత అని అర్థం.

క్రీ.శ. 999లో కట్టిన చిన్న మసీదు ఇక్కడ ఇంకా నిలిచే ఉంది. తర్వాతి కాలంలో అది చర్చిగా మారింది. కాస్త దూరంలో శాంతా మరియా లా బ్లాంకా. గుర్రపునాడా ఆకారపు కమానులు, తెల్లటి స్తంభాల వరసలు చూస్తే మసీదే అనుకుంటారు ఎవరైనా. కాదు, అది యూదులు కట్టించుకున్న ప్రార్థనాలయం. పనితనం ఇస్లామిక్ శైలిది. పేరేమో మేరీమాతది, ఎందుకంటే తర్వాత అదీ చర్చి అయింది. ఒకే గోడల మధ్య మూడు మతాలు!

ఇదంతా సామరస్యం కథేనా అంటే కాదు. 1492లో మతం మారని యూదులంతా దేశం విడిచిపోవాలని రాజశాసనం వచ్చింది. పద్నాలుగో శతాబ్దంలో సామ్యూల్ హలేవీ అనే యూదు మంత్రి కట్టించిన ‘ఎల్ ట్రాన్సితో’ ప్రార్థనాలయం ఇప్పుడు వాళ్ల జ్ఞాపకాల మ్యూజియం. గోడల మీద హీబ్రూ అక్షరాలున్నాయి. వాటి ముందు ప్రార్థించిన జనమే లేరు.

టొలేడోతో మనకీ ఓ బంధం ఉంది. ఈ ఊళ్లో న్యాయమూర్తిగా పనిచేసిన సాయిద్ అల్ అందలూసీ 1068లో ప్రపంచంలోని జాతుల విద్యల గురించి ఓ పుస్తకం రాశాడు. శాస్త్రాలను సాధన చేసిన జాతుల వరసలో ఆయన మొదట నిలబెట్టింది భారతీయులనే! ఆ తర్వాతి శతాబ్దంలో ఐరోపా పండితులు టొలేడోకి వరస కట్టారు. అరబిక్ పుస్తకాలను లాటిన్‌లోకి మార్చుకోవడానికి. క్రెమోనాకి చెందిన గెరార్డ్ ఒక్క ఖగోళ గ్రంథం వెతుక్కుంటూ ఇటలీ నుంచి వచ్చి, డెబ్భైకి పైగా పుస్తకాలను అనువదించాడు. ఈ ఊళ్లో పుట్టిన పదో అల్ఫోన్సో యువరాజుగా ఉన్నప్పుడు, 1251లో, ‘కలీలా వ దిమ్నా’ అరబిక్ నుంచి స్పానిష్‌లోకి వచ్చింది. అదేంటో కాదు, మన పంచతంత్రమే. కరటక దమనకులే పర్షియా, అరేబియాల మీదుగా పేర్లు మార్చుకుని అంత దూరం నడిచారు.

1226లో మొదలుపెట్టి రెండున్నర శతాబ్దాలకుపైగా కట్టిన కెథెడ్రల్‌కి కనీసం గంటన్నర ఇవ్వాలి. సాంతో తొమే చర్చిలో ఎల్ గ్రెకో వేసిన ‘ఓర్గాజ్ ప్రభువు అంత్యక్రియలు’ చిత్రం ఏ మ్యూజియానికీ వెళ్లలేదు. నాలుగు శతాబ్దాలుగా, ఏ చర్చి కోసం గీశాడో అక్కడే ఉంది. క్రీట్ దీవిలో పుట్టి 1577లో ఇక్కడికొచ్చిన ఆ చిత్రకారుడు 1614లో ఇక్కడే కన్నుమూశాడు. అంటే ఆయన వచ్చేసరికే రాజధాని వెళ్లిపోయి పదహారేళ్లు. పోతున్న వైభవాన్ని ఆయన కుంచె పట్టుకుందన్నమాట.

తిరిగొచ్చేప్పుడు మసపాన్ కొనుక్కోవడం మరవద్దు. బాదంపిండి, చక్కెరతో చేసే ఈ మిఠాయి టొలేడో ప్రత్యేకం.

సెగోవియా: సున్నం లేని అద్భుతం
‘అక్విడక్టు’ అంటే కోనసీమవాళ్లకి కొత్తేం కాదు. అయితే సెగోవియాలో ఉన్నది దాదాపు రెండువేల ఏళ్ల నాటిది. ఊరి మధ్యలో రెండంతస్తుల కమానులు వరసగా నడిచిపోతుంటాయి. ఎత్తు 28 మీటర్లకు పైనే. ఇరవై వేలకుపైగా గ్రానైట్ రాళ్లు. వాటి మధ్య సున్నం లేదు, సిమెంటు లేదు. ఒక రాయి బరువు మరో రాయిని పట్టుకుంది, అంతే! 15 కిలోమీటర్ల అవతల కొండల్లోని వాగు నుంచి ఊరికి నీళ్లు తేవడానికి రోమన్లు చేసిన ఏర్పాటిది.

మనుషులు కట్టారంటే నమ్మకం కలగక కాబోలు, ఊళ్లోవాళ్లు ఓ కథ అల్లుకున్నారు. రోజూ కొండెక్కి దిగి నీళ్లు మోసే పనిపిల్ల ఒకతి, కోడి కూసేలోపు నీళ్లు ఇంటిముందుకొస్తే ఆత్మనిచ్చేస్తానని సైతానుతో ఒప్పందం చేసుకుందట. సైతాను రాత్రంతా కష్టపడ్డాడు. ఆఖరి రాయి పెట్టేలోపు కోడి కూసేసింది. పిల్ల బతికిపోయింది, ఊరికి నీళ్లొచ్చాయి. 2019లో ఆ సైతాను సెల్ఫీ తీసుకుంటున్నట్లు ఓ బొమ్మ పెడితే, మరీ ముచ్చటగా ఉన్నాడంటూ కొందరు గొడవచేశారు కూడా.

ఊరికి అటుచివర ఓడ ముందుభాగంలా కొండకొమ్మున నిలబడ్డ అల్కాసర్ కోట. 1474 డిసెంబరులో ఇసబెల్ కాస్టిల్ రాణిగా ప్రకటించుకుంది ఈ ఊళ్లోనే. 1862లో అగ్నిప్రమాదంలో కోట చాలా భాగం కాలిపోతే తర్వాత పునరుద్ధరించారు. మధ్యలో 1525లో మొదలైన కెథెడ్రల్. ఈ మూడింటినీ కలిపే దారి ఒక్కటే కాబట్టి తప్పిపోయే భయం లేదు. పిల్లలతో వెళ్లేవారికి టొలేడో కన్నా సెగోవియానే హాయి.

లెక్కలంటే భయపడేవాళ్లు మాత్రం ఈ ఊరిమీద కాస్త కోపం పెట్టుకోవచ్చు. అల్ ఖ్వారిజ్మీ బీజగణిత గ్రంథాన్ని రాబర్ట్ ఆఫ్ చెస్టర్ లాటిన్‌లోకి మార్చింది 1145లో, ఇక్కడే. ‘ఆల్‌జీబ్రా’ అన్న మాట ఐరోపా బడుల్లోకి చేరిన దారుల్లో సెగోవియా ఒకటి.

ప్రయాణంలో ఒక్క మెలిక ఉంది. చమర్తిన్ స్టేషన్ నుంచి వేగం రైలు అరగంటలోపే తీసుకెళ్తుంది. కానీ ఆ స్టేషన్ ఊరికి దూరంగా, పొలాల మధ్య ఉంటుంది. దిగగానే సిటీబస్సు పట్టుకోవాలి. మాడ్రిడ్ మొంక్లోవా నుంచి బయల్దేరే బస్సుకి గంటంపావు పట్టినా అక్విడక్టుకి నడిచివెళ్లే దూరంలో దింపుతుంది. మొత్తం లెక్కేస్తే తేడా కొద్దిగానే.

ఆవిలా: గోడే ఊరు
పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా నగరాలు చాలా వరకు తమ కోటగోడల్ని పడగొట్టుకున్నాయి. మాడ్రిడ్ కూడా 1868లో ఆ పని మొదలుపెట్టింది. ఆవిలా గోడ మాత్రం మిగిలింది. 1884లో దాన్ని జాతీయ కట్టడంగా ప్రకటించారు. రెండున్నర కిలోమీటర్ల చుట్టుకొలత, ఎనభైకి పైగా బురుజులు, తొమ్మిది ద్వారాలు. కొంతమేర గోడ పైకెక్కి నడవొచ్చు. కెథెడ్రల్ వెనకభాగం కూడా ఈ గోడలో కలిసిపోయి బురుజులా కనిపిస్తుంది.

1515లో పుట్టిన సెయింట్ తెరెసా ఊరిది. ఏడేళ్ల వయసులో అన్న చెయ్యి పట్టుకుని, మతం కోసం ప్రాణాలర్పిస్తానంటూ ఇంట్లోంచి బయల్దేరిందట. ఊరి బయట నాలుగు స్తంభాల మండపం దగ్గర బాబాయి చూసి వెనక్కి లాక్కొచ్చాడని చెబుతారు. గోడ మొత్తం ఒక్కచూపులో కనిపించేది ఆ మండపం దగ్గర్నుంచే. సముద్రమట్టానికి 1100 మీటర్లకు పైన ఉండటంతో చలికాలం గాలి కోసేస్తుంది. వేసవిలో అదే వరం. రైల్లో గంటన్నర.

అల్కలా: జనం కొన్న విశ్వవిద్యాలయం
టూరిస్టు బస్సులు పెద్దగా పట్టించుకోని ఊరు అల్కలా దె ఎనారెస్. లోకల్ రైల్లో నలభై నిమిషాలు. ‘డాన్ క్విక్సోట్’ రాసిన సెర్వాంటెస్‌కి 1547 అక్టోబరు 9న బాప్టిజం ఇచ్చింది ఇక్కడి చర్చిలో. ఇసబెల్ రాణిని కొలంబస్ మొదటిసారి కలిసింది 1486లో, ఇక్కడి ఆర్చిబిషప్ భవనంలో. స్పానిష్ సాహిత్యంలో అతిపెద్ద గౌరవమైన సెర్వాంటెస్ పురస్కారం ఏటా ఏప్రిల్ 23న అందుకునేది ఇక్కడి విశ్వవిద్యాలయ సభామందిరంలో.

కానీ అల్కలా అసలు కథ వేరే ఉంది. కార్డినల్ సిస్నెరోస్ 1499లో స్థాపించిన ఈ విశ్వవిద్యాలయాన్ని 1836లో మాడ్రిడ్‌కి తరలించేశారు. మళ్లీ అదే కథ, అంతా రాజధానికే! ఖాళీ భవనాలు ప్రైవేటు వ్యక్తుల చేతుల్లోకి వెళ్లాయి. కట్టడాలను ముక్కలు చేసి అమ్ముకోవడం మొదలైంది. ఊరివాళ్లకి అది భరించలేనిదయింది. 1850లో సంఘంగా ఏర్పడ్డారు. వాటాలు వేసుకుని, తలా కొంత సొమ్ము పోగుచేసి, ఆ భవనాలను తామే కొనేశారు. ప్రభుత్వం కాదు, ప్రభువులు కాదు... ఊరి జనం! వాటా తీసుకున్నవాళ్లకి దాంతో వచ్చే లాభమేమీ లేదు, భవనం నిలబడటం తప్ప. 1977లో అల్కలాలో మళ్లీ విశ్వవిద్యాలయం మొదలైంది. ఆ సంఘం నేటికీ ఉంది.

గోపురాల మీద కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. కింద రాతి స్తంభాల నీడలో వీధి పొడుగునా దుకాణాలు. సగం రోజు చాలు. ఆ సగం రోజు మాత్రం తప్పకుండా కేటాయించాలి.

ఇంకా సమయం ఉంటే...
రెండో ఫిలిప్ మనసు చదవాలంటే ఎల్ ఎస్కోరియల్ వెళ్లాలి. 1563 నుంచి 1584 దాకా కట్టించిన ఆ మఠం, రాజభవనం, రాజుల సమాధులు, గ్రంథాలయం అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. వాన పడుతున్న రోజుకి సరైన ఎంపిక. తోటలూ నదీ కావాలంటే అరన్హుయేజ్. మాడ్రిడ్ నుంచి అక్కడికి 1851లోనే రైలు పడింది. లోయ అంచున వేలాడే ఇళ్లున్న క్వెన్కా కాస్త దూరం. వేగం రైలుంది కాబట్టి గంటలో చేరొచ్చు. అక్కడా స్టేషన్ ఊరి బయటే.

ప్లాన్ ఇలా...
* ఒక్కరోజే ఉంటే టొలేడో. రెండుంటే సెగోవియా కలపండి. మూడో రోజు సగం అల్కలాకి ఇచ్చి, మిగతా సగం మాడ్రిడ్‌లో గడపండి.
* సోమవారం చాలా మ్యూజియాలకి సెలవు. ఎల్ ఎస్కోరియల్ కూడా మూసేస్తారు. ఆ రోజు సెగోవియా మేలు. అక్విడక్టుకి తలుపుల్లేవు, టిక్కెట్టూ లేదు.
* దక్షిణం వైపు టొలేడోకి అటోచా, ఉత్తరం వైపు సెగోవియా, ఆవిలాలకి చమర్తిన్. స్టేషన్ పేరు చూసుకోకుండా మెట్రో ఎక్కితే రైలు తప్పుతుంది.
* వేగం రైళ్లలో సీటు నంబరుంటుంది. శని, ఆదివారాల్లో ముందే నిండిపోతాయి. వెళ్లేదానితోపాటే తిరుగు టిక్కెట్టూ తీసుకోవాలి. సామాను తనిఖీ ఉంటుంది కాబట్టి కాస్త ముందే చేరుకోవాలి. లోకల్ రైళ్లకి ఈ బెడద లేదు.
* భోజనం రెండు తర్వాతే. పన్నెండింటికి ఆకలేస్తే హోటళ్లు ఇంకా తెరవవు. రెండు నుంచి అయిదు దాకా చిన్న దుకాణాలు, కొన్ని చర్చిలు మూసేస్తారు. అందుకే చూడాల్సినవన్నీ పొద్దున్నే చూసేసి, ఎండవేళ తీరిగ్గా భోంచేయాలి. పనిదినాల్లో ‘మెను దెల్ దియా’ అడిగితే మన ‘మీల్స్’లాగా ఒకే ధరకి రెండు వంటకాలు, రొట్టె, తీపి వస్తాయి.
* సెగోవియాలో పాలు తాగే పందిపిల్ల వేపుడు ప్రసిద్ధి. ఎంత మెత్తగా ఉందో చూపించడానికి కత్తితో కాకుండా పళ్లెం అంచుతో కోస్తారు. శాకాహారులు ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. పప్పులో కూడా పంది మాంసం ముక్కలు వేయడం మామూలే. ‘సిన్ కార్నె, సిన్ జమోన్, సిన్ పెస్కాదో’ అని మూడూ చెప్పాలి. మాంసం, హామ్, చేప ఏవీ వద్దని.
* టొలేడోలో ఏడు కట్టడాలకి కలిపి చేతికి కట్టే పట్టీ టిక్కెట్టు దొరుకుతుంది. కెథెడ్రల్‌కి విడిగా తీసుకోవాలి.
* జులై, ఆగస్టుల్లో టొలేడో ఎండ మన రెంటచింతలను గుర్తుచేస్తుంది. ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు అనువు. దారంతా గులకరాళ్లే కాబట్టి మెత్తటి బూట్లు తప్పనిసరి.

ఆ తర్వాతి రైలు
అన్నిటికన్నా ముఖ్యమైంది చివర్లో. ఈ ఊళ్లకి ఇప్పుడో కొత్త బెంగ పట్టుకుంది. పగలంతా టూరిస్టులు కిక్కిరిసి ఉంటారు. ఇళ్లు కాస్తా అతిథుల గదులవుతున్నాయి. కూరగాయల కొట్టు ఉన్నచోట బొమ్మ కత్తుల కొట్టు వెలుస్తోంది. టొలేడో పాతబస్తీలో కాపురముండే జనం దశాబ్దాలుగా తగ్గుతూ వస్తున్నారు. పేదరికం కాపాడిన ఊరిని ఆదాయం ఖాళీ చేస్తోంది! రెండు గంటల్లో చుట్టేసి వెళ్లిపోయే బస్సుల వల్ల ఊరికి మిగిలేదీ తక్కువే. అక్కడే తిని, అక్కడే కొని, సాయంత్రం దాకా ఉండేవారి వల్లే నాలుగు కొట్లు నడుస్తాయి.

అందుకే ఆరింటి రైలుకి కాకుండా ఆ తర్వాతి దానికి టిక్కెట్టు తీసుకోండి. చివరి రైలు ఎన్నింటికో మాత్రం ముందే చూసుకోవాలి. జూన్ నెలాఖరులో ఇక్కడ పొద్దు కుంకేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. బస్సులన్నీ వెళ్లిపోయాక గొడుగు గైడ్లు మాయమవుతారు. సొకొదోవెర్ కూడలిలో అవ్వలు బెంచీల మీద చేరి కబుర్లు మొదలెడతారు. పిల్లలు బంతి తీస్తారు. తేనెరంగు గోడల మీద ఎండ మెల్లగా పైకి పాకుతుంది.

రాజధాని ఎప్పుడో వెళ్లిపోయింది. సాయంత్రానికి టూరిస్టులూ వెళ్లిపోతారు. ఆ తర్వాత మిగిలేదే టొలేడో!